పెళ్ళి కారు, ఆకుపచ్చ పీచు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరింట పెళ్ళి జరిగినా వంటల గుండిగలు మా నాయనమ్మ కొట్టు నుంచే వెళ్ళేవి. కొవ్వూరు బజారులో మాది పాత్రల వ్యాపారం. తాతయ్య పోయాక కొట్టు నాయనమ్మే చూసుకునేది. అమ్మకం సంగతి ఎలా ఉన్నా, అరువు ఇచ్చిన పాత్రలు తిరిగి వచ్చే రోజున మాత్రం ఆవిడ కొట్టు గుమ్మం దాటి వచ్చి వీధిలో నిలబడేది. ప్రతి గుండిగనూ ఎండలోకి వంచి, బొటనవేలి గోరు పైపైన నడిపించి చూసేది. ఎలా వెళ్ళిందో అలా రావాలన్నది ఆవిడ పెట్టిన ఏకైక షరతు. గీతలు కనిపిస్తే తిట్టేది కాదు. పాత్రను ఎండకు తిప్పి పట్టుకుని, తెచ్చినవాళ్ళను ఒక్కసారి ఇలా వచ్చి చూడమనేది, అంతే. తిట్టినా బాగుండేదని ఆ చూసినవాళ్ళు అనుకునేవారు.

అలా చూడవలసి వచ్చినవాళ్ళలో కాలవగట్టు మీది పల్లెటూరి ఆసామి గారు ఒకరు. బాగా పొలం ఉన్న మనిషి, మాటకారి. ఒకసారి వాళ్ళింట్లో ఎవరో మా కొత్త ఇత్తడి గుండిగను ఇటుకపొడి వేసి తోమేశారు. నాయనమ్మ దాన్ని నడిబజారులో ఎండకు తిప్పి ఆయనకు చూపించింది. ఆయన నవ్వేసి వెళ్ళిపోయారు కానీ మరిచిపోలేదని తర్వాత తెలిసింది.

మా బాబాయి పెళ్ళి వైశాఖంలో కుదిరింది. పెళ్ళికూతురు వాళ్ళది గోదావరి అవతల రాజమండ్రి. మాట్లాడుకున్న కారు సరిగ్గా ముందురోజు మొరాయించింది. ముహూర్తాల రోజులు కావడంతో బ్రిడ్జికి ఇటు గానీ అటు గానీ ఇంకో కారు దొరకలేదు. ఆసామి గారికి ఒక తెల్ల కారు ఉండేది. లోపలంతా మీగడ రంగు, చక్రాలకు వెండిలా మెరిసే రిమ్ములు. దాన్ని ఆయన సొంత అన్నదమ్ములకు కూడా ఇచ్చేవారు కాదు. వేరే దారి లేక నాయనమ్మ తనే ఫోను చేసింది. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఒప్పుకున్నారట.

"తీసుకెళ్ళండి అక్కగారూ, దానికేముంది. కాకపోతే ఎలా వెళ్ళిందో అలా రావాలి. ఈసారి చూసేది నేను."

ఫోను పెట్టేసిన నాయనమ్మ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. కారు దొరికిందన్న ఆనందం అందులో సగమే ఉంది. ఊరందరికీ గీతలు చూపించిన మనిషి ఇప్పుడు తను చూపించుకోవలసిన వరుసలోకి వచ్చింది. కారు మీద ఒక్క గీత పడితే చాలు, ఇక మీదట ఏ గుండిగనైనా ఎండకు తిప్పి పట్టుకునే అర్హత తనకు ఉండదని ఆవిడకు తెలుసు. బజారుకు కూడా తెలుసు.

కారు రాగానే నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని దాని చుట్టూ తిరిగింది. నాకు అప్పటికే ప్రతిదాన్నీ వరుసపెట్టి చూసే అలవాటు ఉండేది. స్కూలు బ్యాగు సర్దడానికి కూడా ఒక క్రమం పెట్టుకునేవాణ్ణి. అందుకని ఈ పనికి నన్ను ఎంచుకుందనుకుంటాను. ముందు చక్రాలు, తర్వాత బయట నల్లటి ప్లాస్టిక్ అంచులు, ఆ తర్వాత డాష్‌బోర్డు, తలుపుల లోపలి భాగాలు, సీట్లు. వెనక తలుపు లోపల అరచేతి వెడల్పున ఒకచోట కొంచెం తెల్లగా, పాలు తుడిచినట్టు మసకగా ఉంది. నాయనమ్మ దాన్ని వంగి చూసి, నన్నూ చూడమంది. తలుపు మూసింది.

పెళ్ళి బాగా జరిగింది. మర్నాడు పొద్దున కొత్త దంపతులతో కారు బ్రిడ్జి దాటి మా గుమ్మం ముందు ఆగింది. పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్ళతో దిష్టి తీసి చక్రాల దగ్గర పారబోశారు. దంపతులు లోపలికి వెళ్ళారు. అప్పుడు కారు వైపు చూశాను.

డాష్‌బోర్డు మీద ఎవరో భక్తిగా తడి పసుపుతో స్వస్తిక్ గుర్తు వేసి, మధ్యలో కుంకుమ పెట్టారు. తలుపు లోపలి వైపు పసుపు చేతి ముద్రలు. సీటు సందుల్లో తలంబ్రాలు. కాళ్ళు పెట్టే చోట పారాణి. ముందురోజు కురిసిన వేసవి వానకు గట్టు మీది బురద చక్రాలకు పట్టి, ఎండకు గట్టిపడి, రిమ్ములు ఏ రంగువో తెలియకుండా పోయింది. కారును మర్నాడు పొద్దున అప్పగించాలి.

పెళ్ళివారి ఇంట్లో చేతులకు కొదవ ఉండదు. సాయం చేయాలనే ఉత్సాహానికి అసలే ఉండదు. నాయనమ్మ కొట్టు తాళాలు తీయడానికి వెళ్ళిన కాసేపట్లోనే మా పెద్దమ్మ బట్టల సబ్బు నీళ్ళ బకెట్టుతో వచ్చి తలుపు మీది పసుపు ముద్రను తడిపింది. బాబాయి పెళ్ళి పంచె పైకి కట్టి, స్టీలు పీచు పట్టుకుని చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పెద్దమ్మ నా చేతికి గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు ఇచ్చి డాష్‌బోర్డు చూసుకోమంది. నేను ముందు సీట్లోకి ఎక్కేలోపే వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

పసుపు ముద్ర ఎర్రగా మారింది. అదీ మామూలు ఎరుపు కాదు, నెత్తురు చెయ్యి అద్దినట్టు. పెద్దమ్మ వెనక్కి రెండడుగులు వేసి, కారుకు ఏదో అయిందని, శుభమా అని పెళ్ళి జరిగిన ఇంట్లో ఇదేం అపశకునమని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బాబాయి వచ్చి చూసి, ఇంక రుద్దడం తప్ప మార్గం లేదని తేల్చాడు. నా చేతిలోని పీచు తీసుకోబోయాడు.

అప్పుడే నాయనమ్మ తిరిగి వచ్చింది. కేకలు వేస్తుందని అందరం అనుకున్నాం. ఆవిడ అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మా ముగ్గురి చేతుల వైపు చూసింది.

"తోమండి, నేను వద్దనను. కానీ ముందు ఎవరికి వాళ్ళు లోపలికెళ్ళి మీకు బాగా ఇష్టమైన వస్తువు ఒకటి తెచ్చుకోండి. మీ చేతిలో ఉన్న పీచుతోనే ముందు దాన్ని తోమండి. ఆ తర్వాతే కారు."

పెద్దమ్మకు ఆ మధ్యనే కొన్న నాన్‌స్టిక్ పెనం ప్రాణం. దాని పేరు కూడా ఎత్తకుండా బకెట్టు కింద పెట్టేసింది. బాబాయి తన దగ్గర అలాంటి వస్తువేమీ లేదని నసిగాడు. వచ్చిన దగ్గర నుంచి ఒక్క మాటా మాట్లాడని మా కొత్త పిన్ని గుమ్మంలోంచి మెల్లగా అంది.

"వాచీ ఉంది కదండీ అత్తయ్యగారూ. పొద్దున్నించి ముప్పావు వంతు టైము అదే చూసుకుంటున్నారు."

ఇల్లంతా నవ్వింది. బాబాయి వాచీ ఉన్న చేతిని వెనక్కి పెట్టుకున్నాడు. స్టీలు పీచు ఎప్పుడు కింద పడిందో ఎవరూ చూడలేదు.

నేను మాత్రం లోపలికి వెళ్ళాను. నాకు ఎర్రటి రిమోట్ కారు ఒకటి ఉండేది. పుట్టినరోజుకు మా నాన్న తెచ్చింది. అద్దంలా మెరిసేది. నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు చేసి చూడాలనిపించింది నాకు. అయితే పైభాగం మీద రుద్దడానికి చెయ్యి రాలేదు. వెల్లకిలా తిప్పి, చక్రాల మధ్య ఎవరికీ కనిపించని చోట పీచుతో రుద్దాను. ఆ కాస్త చోటా మెరుపు పోయి, తెల్లగా, మసకగా అయింది. ఎండలో పెట్టి చూస్తే వలయాలు వలయాలుగా సన్నటి గీతలు. నీళ్ళతో కడిగాను. గుడ్డతో తుడిచాను. నూనె రాశాను. నూనె ఉన్నంతసేపు బాగున్నట్టే ఉండి, తుడిచాక మళ్ళీ అలాగే అయింది. తెచ్చి నాయనమ్మకు చూపించాను.

ఆవిడ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. మచ్చను కాదు, మచ్చ ఉన్న చోటును.

"కింద ఎందుకు రుద్దావురా?"

పాడైతే కనపడకూడదని అన్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి, ఇంట్లో పెద్దవాళ్ళు ఇంతమంది ఉన్నారు, ఈ మాట ఒక్కరికీ తోచలేదు అంది. ఇక ఈ రోజంతా ఏ గుడ్డ పెట్టినా, ఏ నీళ్ళు పెట్టినా ముందు వీడు సీటు కింద కనపడని చోట పెట్టి చూస్తాడు, వీడు సరేనంటేనే మిగతావాళ్ళు ముట్టుకోవాలి అని అందరికీ చెప్పింది. నా అంతవాడు లేడనిపించింది ఆ క్షణంలో.

ఎర్రబడిన మరక ఆవిడను ఏమీ కంగారుపెట్టలేదు. ఇవి దిష్టి నీళ్ళే కదా అంది. పసుపులో సున్నం పడితే ఎరుపు వస్తుంది, సబ్బు పడినా అంతే, పొద్దున పళ్ళెంలో కలిపిందేదో ఇప్పుడు తలుపు మీద కలిసింది. పెద్దమ్మ అప్పుడు ఊపిరి పీల్చుకుంది. నాయనమ్మ మంచినీళ్ళలో నిమ్మరసం పిండించింది. నేను సీటు కింద పెట్టి చూసి సరేనన్నాను. ఆ నీళ్ళు అద్దగానే ఎరుపు మళ్ళీ పసుపైపోయింది. వెంటనే తడిగుడ్డతో తుడిచేశాం. నాకు అది గారడీలా అనిపించింది. దాని వెనక ఉన్న రసాయనం చదువుకోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

తర్వాత మొదలైన పనిని నేను ఇప్పటికీ అదే వరుసలో చెప్పగలను. పొడిగా ఉన్నదాన్ని ముందు పొడిగానే తీయాలి. రంగులు వేసే మెత్తటి కుంచెతో తలంబ్రాలు, పసుపు పొడి, కుంకుమ దులిపాం. నీళ్ళు తగిలితే కుంకుమ పాకుతుంది కాబట్టి అప్పటిదాకా ఒక్క చుక్క కూడా లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత తాతయ్య పాత పంచె చింపి, నీళ్ళలో కాస్త తలస్నానం షాంపూ కలిపి, గుడ్డను గట్టిగా పిండి అద్దాం. రుద్దడం లేదు, అద్దడమే. గుడ్డ రంగు మారగానే కొత్త ముక్క. కొట్టులో నాయనమ్మ ఇత్తడిని చింతపండుతో, వెండిని విబూదితో, నాన్‌స్టిక్‌ను మెత్తటి గుడ్డతో మాత్రమే తోమనిచ్చేది. ఏ పాత్రకు ఆ వైద్యం. కారు కూడా ఆవిడ కంటికి ఒక వస్తువు కాదు, ఒకే చోట పేర్చిన రకరకాల పాత్రలు.

చక్రాల బురదను అడుగంటిన గిన్నె కింద లెక్కగట్టింది. పాత గుడ్డలు తడిపి రిమ్ములకు చుట్టించి, ఆరినప్పుడల్లా నీళ్ళు చల్లమని బాబాయికి పని పెట్టింది. కొత్త పెళ్ళికొడుకు చెంబు పట్టుకుని కారు చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంటే పిన్ని కిటికీలోంచి చూసి నవ్వుతూనే ఉంది. సాయంత్రానికి బురద వేళ్ళతోనే పెచ్చులుగా ఊడి వచ్చింది. పీచుకు కూడా ఆవిడ అన్యాయం చేయలేదు. టైర్ల రబ్బరు, కాళ్ళ కింద వేసే రబ్బరు పట్టాలు నాకు అప్పగించి, ఇక్కడ నీ బలమంతా చూపించు అంది.

మధ్యాహ్నానికి లోపలి పని అయ్యాక డాష్‌బోర్డు మీద, తలుపు మీద పసుపు నీడ ఒకటి మిగిలింది. గుడ్డతో పోలేదు. ఇక పీచు తప్పదేమోనని అందరం నాయనమ్మ ముఖం చూశాం. ఆవిడ కారును తిప్పించి, తలుపులన్నీ బార్లా తీయించి, ఎండకు ఎదురుగా పెట్టించింది. పసుపు బట్టలు నీడలో ఎందుకు ఆరేస్తారో తెలుసా అని పెద్దమ్మను అడిగింది. ఎండకు వెలిసిపోతాయని అంది పెద్దమ్మ. అంటూనే ఆగిపోయి, కారు వైపు చూసింది.

వీధిన పోయేవాళ్ళకు కావలసినంత కాలక్షేపం దొరికింది. ఎదురు కొట్టాయన, వడియాలతో పాటు కారు కూడా ఎండబెట్టారేంటండీ, మిద్దె మీదకి ఎక్కించలేకపోయారా అన్నాడు. మధ్యాహ్నం నుంచి నేను మాటిమాటికీ వెళ్ళి చూశాను. ముదురు పసుపు నిమ్మపండు రంగుకు దిగింది. పొద్దు వాలేసరికి ఎండుగడ్డి రంగు. మర్నాడు తొలి ఎండ కూడా తగిలాక, డాష్‌బోర్డు మీద గుర్తు ఎక్కడ ఉండేదో నేనే వెతుక్కోవలసి వచ్చింది. ఒక్క ముందు తలుపు జేబు అంచున, ఎండ చేరని సందులో, సన్నటి పసుపు గీత మాత్రం ఉండిపోయింది.

కారు అప్పగించడానికి బాబాయి, నాయనమ్మ, నేను వెళ్ళాం. ఆసామి గారు అరుగు మీద మా కోసమే ఎదురుచూస్తున్నారు. ఆయన ఒక్కరే లేరు. ఎండకు తిప్పిన గుండిగ సంగతి తెలిసిన బజారువాళ్ళు కూడా కొందరు ఏదో పని పెట్టుకుని ఆ పొద్దున ఆ ఊరు వచ్చారు.

ఆయన తీరిగ్గా లేచి తెల్ల చేతిరుమాలు తీశారు. రిమ్ముల సందుల్లో వేలు పెట్టి తుడిచి రుమాలు చూసుకున్నారు. డాష్‌బోర్డు మీద వంగి వెలుగుకు అడ్డంగా చూశారు. గోరు పైపైన నడిపించారు. అచ్చం మా నాయనమ్మ లాగే. ఆయన ముందు తలుపు తెరిచి పైభాగం చూసి మూయబోతుంటే నాయనమ్మ ఆపింది.

"అక్కడ కాదు తమ్ముడుగారూ, ఇక్కడ చూడండి. ఈ జేబు అంచున పసుపు ఉండిపోయింది. నాలుగు రోజులు తలుపు తీసి ఎండలో పెడితే అదే పోతుంది. పీచు పెట్టి ఉంటే నిన్ననే పోయేది, దాంతోపాటు మీ తలుపు నునుపూ పోయేది."

ఆయన ఆ గీతను చూశారు. తను వెతుకుతున్నది ఆవిడే చూపించేసింది. వెనక తలుపు తెరిచి, ఆ పాలమసక మచ్చ మీద వేలు పెట్టారు.

"మరి ఇదేంటి అక్కగారూ?"

బాబాయి ముఖం పాలిపోయింది. తను ఆ మచ్చను ముందెప్పుడూ చూడలేదు. నాయనమ్మ నా వైపు చూసింది. చెప్పవలసింది నేనేనని అర్థమైంది.

"అది మేం తీసుకెళ్ళేటప్పటికే ఉందండి. వలయాలుగా గీతలు ఉన్నాయి చూడండి, గిన్నెల పీచుతో తోమితే అలా వస్తాయి. మేం పీచు టైర్లకే వాడామండి."

ఎలా తెలుసని అడిగారాయన. నా కారు కింద కూడా అలాగే వచ్చిందని చెప్పాను. నీకు కారు ఉందా అన్నారు. రిమోట్‌ది అన్నాను. నవ్వులు మొదలయ్యాయి. ఆసామి గారు ఆ నవ్వులు ఆగేదాకా చూసి, తలుపు అలాగే పట్టుకుని, కాస్త గొంతు తగ్గించి చెప్పారు. అది ఆయన చేతి పనే. కొత్తలో కాఫీ ఒలికితే, ఇంట్లో ఎవరికీ తెలియకుండా పీచు తెచ్చి తోమేశారట. కాఫీ పోయిందక్కగారూ, ఇది మిగిలింది, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఆ రోజు మీరు గుండిగ చూపించినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఇదే అన్నారు.

నాయనమ్మ దానికి గెలిచినట్టు మాట్లాడలేదు. మచ్చ మీద వేలు పెట్టి, లోతుగా తోమలేదు లెండి, కారుకేం భయం లేదు అంది.

బాబాయి తాళాలు ఇవ్వబోతే ఆయన తీసుకున్నారు గానీ, మమ్మల్ని బస్సులో పోనివ్వలేదు. తనే స్టీరింగ్ ముందు కూర్చుని, నాయనమ్మను ముందు సీట్లోకి రమ్మన్నారు. గట్టు దిగి కొవ్వూరులోకి వచ్చాక, మా ఇంటికి దగ్గర దారి ఉన్నా ఆయన బజారు మీదుగా తిప్పారు. కొట్ల ముందు మనుషులు లేచి చూశారు. వడియాల మాట అన్న ఎదురు కొట్టాయన చేతిలో త్రాసు అలాగే ఉండిపోయింది. వెనక సీట్లోంచి నాకు నాయనమ్మ ముఖం కనపడలేదు. ఆవిడ అటూ ఇటూ చూడలేదు. కుడి చెయ్యి మాత్రం డాష్‌బోర్డు మీద, నిన్నటిదాకా పసుపు గుర్తు ఉన్న చోట, మెత్తగా ఆనించి ఉంచింది. కొట్టు ముందు కారు ఆగినప్పుడు ఆసామి గారు హారను కొట్టారు. అంత గట్టిగా కొట్టవలసిన అవసరం అక్కడేమీ లేదు.

ఆ సాయంత్రమే వాళ్ళ అమ్మాయి పెళ్ళికి గుండిగలు కావాలని ఆయన కబురు పంపారు. అవి తిరిగి వచ్చిన రోజున నాయనమ్మ అలవాటుగా ఎండకు తిప్పింది. చూడమని ఎవరినీ పిలవలేదు.

ఇప్పుడు నేను చేసే ఉద్యోగం కార్ల లోపలి ప్లాస్టిక్ భాగాలను పరీక్షించడం. గీత ఎంత బలానికి పడుతుంది, రంగు ఎంత ఎండకు వెలుస్తుంది, ఏ ద్రావకానికి ఏమవుతుంది అని యంత్రాలతో కొలుస్తాం. తెల్లగా, దూదిలా మెత్తగా కనిపించే కొత్త రకం స్పాంజీలు వచ్చాయి. చేతికి మెత్తగానే ఉంటాయి, చేసేది సన్నటి గరుకు కాగితం పని. మా అపార్టుమెంటులో ఆదివారం పూట ఎవరో ఒకరు దాన్ని తెచ్చి డాష్‌బోర్డు మీదో, మెరిసే నల్ల అంచు మీదో, రిమ్ము మీదో పెట్టబోతూ సలహా అడుగుతారు. నేను వద్దనను. ముందు మీ ఫోను ఒకసారి ఇలా ఇవ్వండి అంటాను. ఇంతవరకూ ఒక్కరూ ఇవ్వలేదు.

రిమోట్ కారు నా ఆఫీసు బల్ల మీద ఉంది. రిమోట్ ఎప్పుడో పోయింది. చూసినవాళ్ళంతా ఇన్నేళ్ళైనా ఎంత మెరుస్తోందో అంటారు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఏదైనా నమూనా మీద ఆత్రంగా చెయ్యి వేయబోయినప్పుడు, దాన్ని తీసి వెల్లకిలా తిప్పి వాళ్ళ ముందు పెడతాను. కిటికీ వైపు, ఎండకు.